పాట అట్ట, పాట దృశ్యం: సోలాపూర్ నేత పేటల నుంచి ఒక పరిచయం

పాటను కంటికి చూపించేవి రెండు. ఒకటి రికార్డుకో క్యాసెట్టుకో సీడీకో తొడిగిన అట్ట. రెండోది పాటతో పాటు నడిచే దృశ్యం: సినిమా పాట చిత్రీకరణ, మ్యూజిక్ వీడియో, ఇటీవలి లిరికల్ వీడియో. ఈ రెండింటినీ కలిపి చదవడం మాధ్యమ విద్యలో ఒక పాఠ్యాంశం. విద్యార్థి ముందుగా ఉన్న వీడియోలను, అట్టలను విప్పి చూస్తాడు. తర్వాత ఒక పాట ఎంచుకుని తానే దృశ్యం తీసి, దానికి అట్ట గీస్తాడు. ఇంగ్లండులో ఎ లెవెల్ మీడియా విద్యార్థులు ఒక మ్యూజిక్ వీడియో, దానికి తోడు ఆల్బమ్ అట్ట, పత్రికా ప్రకటన తయారుచేసే పద్ధతి చాలాకాలం నడిచింది. మన దేశంలో మాస్ కమ్యూనికేషన్, దృశ్య రూపకల్పన కోర్సుల్లో ఇదే పని వేర్వేరు పేర్లతో సాగుతోంది.

ఈ వ్యాసం ఆ పాఠ్యాంశాన్ని మహారాష్ట్రలోని సోలాపూర్ నేత పేటల వైపు నుంచి పరిచయం చేస్తుంది. నమూనా, అంచు, రంగు, చీటీ అక్కడి తెలుగు కుటుంబాలకు పుస్తకాల్లో చదివిన మాటలు కావు, రోజూ చేతికి తగిలే వస్తువులు. ఈ చదువుకు ప్రాణమైన ప్రశ్న కూడా అక్కడే సూటిగా ఎదురవుతుంది: సరుకు మీద ఎవరి పేరు ఉంటుంది, ఎవరి పేరు ఉండదు?

సోలాపూర్, అక్కడి తెలుగు పేటలు

తెలుగువాళ్లు చాలామంది షోలాపూర్ అని పిలిచే ఈ ఊరు మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణల మధ్య తోవలో ఉంది. నిజాం రాజ్యంలోని తెలంగాణ జిల్లాల నుంచి నేతపని చేసే పద్మశాలీలు 19వ శతాబ్దంలో ఇక్కడికి వలస వచ్చారు. 1876–78 నాటి కరువు, 1877లో మొదలైన సోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు, చేతిమగ్గాల సరుకుకు ఉన్న గిరాకీ ఆ వలసను పెంచాయి. ‘జూనీ మిల్’గా పేరుపడ్డ ఆ మిల్లు 1963లో మూతపడింది. మరమగ్గాలు మాత్రం పేటల్లో నిలిచాయి.

ఊరికి తూర్పున ఈ పేటలున్న ప్రాంతాన్ని మరాఠీలో ‘పూర్వ భాగ్’ అంటారు. సాఖర్ పేట, దాజీ పేట, కన్నా చౌక్, అశోక్ చౌక్, కుచన్ నగర్ వంటి చోట్ల వీధిలో తెలంగాణ తెలుగు, మరాఠీ కలిసి వినిపిస్తాయి. మగవాళ్లు ఎక్కువగా మగ్గాల షెడ్లలో పనిచేస్తే, వేలాదిమంది ఆడవాళ్లు బీడీలు చుడతారు. ఏటా శ్రావణ పౌర్ణమినాడు, మరాఠీలో నారళీ పౌర్ణమినాడు, పద్మశాలీల కులదైవం మార్కండేయుడి రథోత్సవం బ్యాండు మేళాలతో ఊరంతా తిరుగుతుంది. దసరాకు ముందు బతుకమ్మ ఆడతారు.

సోలాపూర్ చద్దరుకు, టెర్రీ తువ్వాలుకు భౌగోళిక సూచిక గుర్తింపు ఉంది. చద్దరు మీద నెమలి పింఛం, తువ్వాలు అంచున పేరు, గోడకు వేలాడదీసే బట్టపై దేవుడి బొమ్మ నేయడం ఇక్కడి పనితనం. 2004లో ఏర్పడిన సోలాపూర్ విశ్వవిద్యాలయం ఇప్పుడు పుణ్యశ్లోక్ అహిల్యాదేవీ హోల్కర్ పేరుతో ఉంది. అందులో మాస్ కమ్యూనికేషన్ శాఖ నడుస్తోంది. అంటే పాట దృశ్యాన్ని చదివే తరగతి గది, దృశ్యాన్ని దారాలతో కట్టే షెడ్డు ఒకే ఊళ్లో ఉన్నాయి.

బట్ట చీటీ, రికార్డు చీటీ

రికార్డు చీటీ కంటే ముందు బట్ట చీటీ పుట్టింది. 19వ శతాబ్దంలో మాంచెస్టర్ నుంచి మన రేవులకు దిగిన తాన్లమీద రంగురంగుల అచ్చు చీటీలు అతికించి ఉండేవి. లక్ష్మి, కృష్ణుడు, ఏనుగు, పులి, రాజు. కొనేవాడికి ఇంగ్లీషు రాకపోయినా ‘ఏనుగు మార్కు’ అని అడిగి తీసుకునేవాడు. బొంబాయి మిల్లులు కూడా ఇదే దారి పట్టాయి. 1894లో చిత్రకారుడు రవివర్మ బొంబాయిలో పెట్టిన అచ్చు కార్ఖానా దేవతల పటాలను ఇంటింటి గోడకు చేర్చింది. చీటీలు, క్యాలెండర్లు, అగ్గిపెట్టెలు ఆ బొమ్మల బాణీనే అనుసరించాయి. బీడీ కట్టకు చుట్టే కాగితం నేటికీ ఈ వంశంలోదే.

గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902లో కలకత్తాలో పాటలు రికార్డు చేశాడు. గాయని గౌహర్ జాన్ గొంతు ఆ తొలి రికార్డులతోనే దేశమంతా తిరిగింది. ఆ తర్వాత కంపెనీ గుర్తుగా స్థిరపడిన కుక్క బొమ్మకు మూలం ఫ్రాన్సిస్ బారో 1898లో గీసిన చిత్రం. మొదట అందులో ఉన్నది ఫోనోగ్రాఫ్. 1899లో చిత్రకారుడే దాన్ని గ్రామఫోనుగా మార్చి గీశాడు. మన ఊళ్లలో దాన్ని ‘కుక్కబొమ్మ ప్లేటు’ అన్నారు. ఏనుగు మార్కు తాను అడిగిన జనమే కుక్కబొమ్మ ప్లేటు అడిగారు. విప్పితే గానీ నాణ్యం తెలియని బట్టనూ, మోగితే గానీ రుచి తెలియని పాటనూ అమ్మింది బొమ్మే.

ఈ రెండు చీటీల మీదా ఒక ఖాళీ ఉంది. బట్ట చీటీ మీద మిల్లు పేరు, వ్యాపారి పేరు ఉంటాయి. నేసినవాడి పేరు ఉండదు. పాట చీటీ కూడా చాలాసార్లు అలాగే నడిచింది. 1949లో వచ్చిన హిందీ చిత్రం ‘మహల్’లో లతా మంగేష్కర్ పాడిన ప్రసిద్ధ గీతం రికార్డు మీద పాడినవారి పేరుకు బదులు ‘కామిని’ అని కథలోని పాత్ర పేరు అచ్చయింది. రేడియో శ్రోతలు అడిగాకనే అసలు పేరు బయటికి వచ్చింది. అట్టను చదవడమంటే బొమ్మ అందాన్ని మెచ్చుకోవడం ఒక్కటే కాదని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

అట్ట పరిణామం

78 వేగపు లక్క రికార్డు ఒక వైపు సుమారు మూడు నిమిషాలు మోగుతుంది. దాని కాగితపు సంచికి నడుమ గుండ్రని రంధ్రం ఉండేది. అందులోంచి కనిపించే చీటీయే అప్పటి అట్ట. 1940లో అమెరికాలో కొలంబియా సంస్థకు అలెక్స్ స్టైన్‌వైస్ రికార్డు సంపుటికి ప్రత్యేకంగా బొమ్మ గీశాడు. బొమ్మ అట్టకు అది నాంది. 1948లో వచ్చిన ఎల్పీ రికార్డు పన్నెండు అంగుళాల చదరపు జాగా ఇచ్చింది. 1967లో పీటర్ బ్లేక్, జాన్ హావర్త్ కలిసి రూపొందించిన బీటిల్స్ ‘సార్జెంట్ పెప్పర్స్’ అట్ట వెనక పాటల సాహిత్యం మొత్తం అచ్చు వేశారు. 1973లో పింక్ ఫ్లాయిడ్ ‘డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ అట్టపై హిప్నోసిస్ సంస్థ సంగీత బృందం పేరు, సంపుటి పేరు రెండూ తీసేసి, నల్లని నేలమీద పట్టకం, రంగుల కిరణాలు మాత్రం ఉంచింది.

ఫిలిప్స్ 1963లో తెచ్చిన క్యాసెట్టు మన దేశంలో 1980ల నాటికి ఊరూరికీ చేరింది. దాంతో అట్ట అరచేతికన్నా చిన్నదైంది. డబ్బాలోపల మడిచిన ఆ కార్డు మీద హీరో, హీరోయిన్ ముఖాలు, చిత్రం పేరు, ధర, వెనక పాటల జాబితా, గాయకుల పేర్లు అన్నీ ఇరికించాలి. అక్షరం ఎంత చిన్నదైతే చదవగలం, ఏది ముందు కంటబడాలి అన్న లెక్క ఇక్కడే పుట్టింది. క్యాసెట్టు చవక కావడంతో చిన్న కంపెనీలు, భజన మండళ్లు, ఉద్యమ కళాకారులు తమ గొంతు తామే అమ్ముకోగలిగారు. ఉత్తర భారతంలో ఈ మార్పును పీటర్ మాన్యుయల్ 1993లో ‘క్యాసెట్ కల్చర్’ అన్న పుస్తకంలో వివరించాడు. తెలంగాణ పాటకు కూడా క్యాసెట్టు పెద్ద వాహనమైంది.

1982లో మార్కెట్టుకు వచ్చిన సీడీ పన్నెండు సెంటీమీటర్ల చదరపు పుస్తకాన్ని ఇచ్చింది. మడతలు విప్పే దళసరి అట్ట డబ్బాను డిజిపాక్ అంటారు. కోర్సుల్లో విద్యార్థులు ఎక్కువగా గీసేది ఇదే. ఇప్పుడు ఫోను తెరపై అట్ట బొటనవేలి గోరంత చదరం. వెనక పుట లేదు. పేర్లు ఉండే చోటు మొదట మాయమైంది.

తెలుగు అట్ట: గీతలు, అక్షరాలు

తెలుగులో పాటకు తొలి అచ్చు తోడు సినిమా హాలు బయట అమ్మిన పాటల పుస్తకం. పలచని కాగితం మీద కథాసారాంశం, నటుల పేర్లు, పాటల సాహిత్యం, ముఖపత్రంపై ఒక బొమ్మ ఉండేవి. రికార్డు ప్లేయరు కొనలేని ఇంట్లో పాటకు అదే అట్ట. ఎల్పీల కాలంలో ఘంటసాల భగవద్గీత, ‘ముత్యాలముగ్గు’ సంభాషణల రికార్డు వంటివి సినిమా హాలుకు అవతల కూడా మోగాయి. గీత రికార్డు 1974లో, ఘంటసాల కన్నుమూసిన సంవత్సరంలో వెలువడింది.

తెలుగు అక్షరానికి బొమ్మతో సమానమైన హోదా తెచ్చినవారిలో బాపు ముందుంటారు. ఆయన చేతిరాత తర్వాత కంప్యూటరు అక్షరాలుగా కూడా మారింది. ప్రచార చిత్రకళలో ఈశ్వర్ పేరు పెద్దది. పాలకొల్లులో పుట్టి మద్రాసులో స్థిరపడ్డ ఆయన, బాపు తీసిన ‘సాక్షి’తో 1967లో పోస్టర్ల రంగంలోకి వచ్చి వందలాది చిత్రాలకు పనిచేశారు. ‘సినిమా పోస్టర్’ అన్న పుస్తకం రాశారు. రఘుపతి వెంకయ్య పురస్కారం అందుకున్నారు. 2021లో మరణించారు. పోస్టరు కోసం గీసిన శీర్షికాక్షరాలే క్యాసెట్టు మీదికి ఎక్కేవి కాబట్టి తెలుగు పాట అట్టను పోస్టరు చరిత్ర నుంచి విడదీసి చదవలేం.

పాట దృశ్యం: పడుగు ముందు, పేక తర్వాత

మగ్గం మీద పడుగు ముందే సాగదీసి ఉంటుంది. పేక తర్వాత ఒక్కొక్క పోగుగా దాన్లో దూరుతుంది. సినిమా పాట తయారీ సరిగ్గా ఇలాగే సాగుతుంది. పాటను ముందే రికార్డు చేసి, చిత్రీకరణ చోట దాన్ని మోగిస్తూ, ముక్కముక్కగా దృశ్యాలు తీసి, ఆ నిడివిలో అల్లుతారు. పాట పొడవు మారదు, దృశ్యమే ఒదగాలి.

1957 నాటి ‘మాయాబజార్’లో పడవ మీది వెన్నెల పాట దీనికి మంచి పాఠం. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లీ నలుపు తెలుపుల్లోనే వెన్నెలను నమ్మించాడు. ఒకే పాటకు జంట తర్వాత జంట పడవ ఎక్కుతుంటే, దృశ్యం పాటలో లేని కథను చేరుస్తుంది.

పాశ్చాత్య దేశాల్లో మ్యూజిక్ వీడియో సినిమా వెలుపల పెరిగింది. 1975లో క్వీన్ బృందం ‘బొహీమియన్ రాప్సడీ’కి తీసిన ప్రచార దృశ్యం, 1981 ఆగస్టు 1న మొదలైన ఎంటీవీ, 1983లో జాన్ లాండిస్ తీసిన మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ మైలురాళ్లు. మన దగ్గర దూరదర్శన్ ‘చిత్రహార్’, తెలుగులో ‘చిత్రలహరి’ సినిమా పాటలను కథ నుంచి విడదీసి చూపించాయి. కథ తెలియని పాటను దృశ్యంగా చదవడం తెలుగు ఇళ్లు అప్పుడు నేర్చుకున్నాయి. 1995లో అలీషా చినాయ్ ‘మేడిన్ ఇండియా’తో సినిమాతో సంబంధంలేని హిందీ పాప్ వీడియో ఊపందుకుంది. తెలుగులో గాయని స్మిత ‘హాయ్ రబ్బా’ ఆ బాటలోదే.

నేడు రెండు పాయలు బలంగా ఉన్నాయి. ఒకటి సినిమా లిరికల్ వీడియో. ‘ఆర్ఆర్ఆర్’ చిత్రంలోని నాటు నాటు పాట లిరికల్ వీడియోగా 2021 నవంబరులోనే బయటికి వచ్చింది. చిత్రం విడుదలైంది 2022 మార్చి 25న. అంతకుముందు 2021 ఆగస్టులో కీవ్ నగరంలోని మరియిన్‌స్కీ రాజభవనం ముందు ప్రేమ్ రక్షిత్ నృత్య దర్శకత్వంలో ఆ పాట తీశారు. కీరవాణి, చంద్రబోస్‌లకు 2023 మార్చి 12న ఆస్కార్ దక్కింది. రెండో పాయ యూట్యూబులో తెలంగాణ జానపద వీడియో. టీవీ ఛానళ్లు ఏటా తీసే బతుకమ్మ పాటలు, మంగ్లి వంటి గాయనుల వీడియోలు చీర, నగ, పొలం గట్టు, గుడి, ఊరేగింపులతో ఒక స్థిరమైన దృశ్య భాష ఏర్పరచాయి.

సోలాపూర్ జిల్లా నుంచి ఒక ఉదాహరణ: ‘సైరాట్’

2016 ఏప్రిల్ 29న విడుదలైన మరాఠీ చిత్రం ‘సైరాట్’ ఈ పాఠానికి దగ్గరి నమూనా. దర్శకుడు నాగరాజ్ మంజులే సోలాపూర్ జిల్లా కర్మాళా తాలూకా జేవూరు వాడు. అహ్మద్‌నగర్‌లో మాధ్యమ విద్య చదువుతూ తీసిన లఘుచిత్రం ‘పిస్తుల్యా’ ఆయనకు జాతీయ పురస్కారం తెచ్చింది. తరగతి పనిని తేలిగ్గా తీసుకోకూడదని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. నాయిక రింకూ రాజ్‌గురు ఇదే జిల్లాలోని అక్లూజ్ అమ్మాయి. ఛాయాగ్రాహకుడు సుధాకర్ రెడ్డి యక్కంటి తెలుగువాడు. తర్వాత ‘నాళ్’ చిత్రంతో మరాఠీలో దర్శకుడయ్యాడు.

అజయ్–అతుల్ స్వరపరచిన పాటలకు లాస్ ఏంజెలెస్‌లోని సోనీ స్కోరింగ్ స్టేజీలో పాశ్చాత్య వాద్యబృందంతో రికార్డింగు చేశారు. దృశ్యంలో మాత్రం చెరకు తోటలు, దిగుడు బావి, మట్టి దారులు. వాద్యం ఆకాశమంత, చోటు ఊరంత. ఈ రెంటి మధ్య దూరమే యౌవన ప్రేమకు కొలత అవుతుంది. పాటలు సినిమా మొదటి సగంలోనే అయిపోతాయి. జంట పారిపోయి హైదరాబాదు చేరాక పాట ఆగిపోతుంది. భాష తెలియని నగరం, ఇరుకు గది, పని వెతుకులాట మిగులుతాయి. ఒకప్పుడు తెలంగాణ నుంచి సోలాపూర్ వచ్చిన నేతవాళ్ల దారిలోనే, ఈ జంట ఎదురు దిక్కున నడుస్తుంది. పాట లేకపోవడం కూడా దృశ్య నిర్ణయమేనని ఈ చిత్రం నేర్పుతుంది.

విశ్లేషణ పద్ధతులు

ఆండ్రూ గుడ్విన్ 1992లో రాసిన గ్రంథం మ్యూజిక్ వీడియో అధ్యయనంలో ఎక్కువగా వాడే పనిముట్లు ఇచ్చింది. ఆయన లెక్కలో దృశ్యానికి, పాటకు మూడు రకాల సంబంధం ఉంటుంది. పాట చెప్పిందే దృశ్యం చూపడం మొదటిది. చెప్పినదానికి కొత్త అర్థం చేర్చి పెంచడం రెండోది. పాటతో సంబంధంలేని దారి తొక్కడం మూడోది. వీటికి తోడు కళాకారుడి ముఖాన్ని పదే పదే చూపే కంపెనీ అవసరం, ఆడవాళ్లను చూపే తీరు పరిశీలించాలి. ఈ చివరి అంశానికి లారా మల్వీ 1975లో రాసిన వ్యాసం ఆధారం. కెమెరా ఎవరి కళ్లతో చూస్తోందన్నది ఆమె అడిగిన ప్రశ్న. కారల్ వెర్నాలిస్ 2004లో సంగీతపు లయకు, దృశ్యాల కోతకు ఉన్న బంధాన్ని వివరంగా చర్చించింది.

అట్టకు వేరే ప్రశ్నలు కావాలి. కన్ను ముందు ఎక్కడ ఆగుతుంది? ముఖమా, అక్షరమా, ఖాళీయా? రంగు ఏ తరహా పాటను సూచిస్తోంది? కాషాయం, పసుపు కనబడగానే భక్తి పాటలని, ఎరుపు కనబడగానే ఉద్యమ గీతాలని మన కన్ను పోల్చుకుంటుంది. ముందు అట్ట, వీపు, లోపలి మడత ఒకే మాట చెబుతున్నాయా? వీడియోలోని రంగు, అక్షరం అట్టలో కొనసాగుతున్నాయా?

జకార్డు అట్ట నేర్పే అభ్యాసం

జోసెఫ్ మరీ జకార్డు 1804లో ఫ్రాన్సులో రూపొందించిన యంత్రమే సోలాపూర్ చద్దరుకు ఆధారం. నమూనాను ముందు గళ్ల కాగితం మీద గీస్తారు. నిలువు వరస పడుగు పోగు, అడ్డ వరస పేక పోగు. ప్రతి అడ్డ వరసకు ఒక అట్టముక్క తీసి రంధ్రాలు పొడుస్తారు. మగ్గంపై సూది రంధ్రంలో దూరితే కొక్కెం పడుగు పోగును పైకెత్తుతుంది. రంధ్రం లేనిచోట పోగు కిందే ఉంటుంది. ఇలాంటి అట్టలను తాడుతో వరసగా కుట్టి దండలా తిప్పితే నెమలి పింఛం పుడుతుంది. కొత్త మగ్గాల్లో అట్టల పని కంప్యూటరు చేస్తోంది. లెక్క మాత్రం అదే.

ఇందులో రెండు పాఠాలున్నాయి. గళ్ల కాగితంలోని ఒక్కో గడి తెరమీది ఒక్కో చుక్క వంటిది. ఎన్ని గళ్లలో ఒక అక్షరం స్పష్టంగా పలుకుతుందో తువ్వాలు మీద పేరు నేసేవాడికి తెలుసు. ఫోను తెరపై గోరంత అట్ట గీసే విద్యార్థికి కావలసిన జ్ఞానం అదే. రెండోది వరస. అట్టల దండలో ఒక్కటి తారుమారైతే బొమ్మలో గీత పడుతుంది. దృశ్యాల జాబితా కూడా ఒక దండే. పాటను పల్లవి, చరణాలుగా విడదీసి, ఏ సెకనుకు ఏ దృశ్యమో ముందే కాగితంపై రాసుకున్నవాడి వీడియోలో ఆ తప్పు గీత ఉండదు.

ఇక్కడి విద్యార్థికి ముడిసరుకు గుమ్మంలోనే ఉంది. మగ్గాల చప్పుడే ఒక తాళం. రథోత్సవం, బతుకమ్మ, కండెలు చుట్టే చేతులు, బీడీ ఆకు కత్తిరించే కత్తెర దృశ్యాలవుతాయి. అయితే షెడ్డులో కెమెరా పెట్టేముందు పనివాళ్ల అనుమతి అడగాలి. తీసినదాన్ని వాళ్లకు చూపించాలి.

లిపి అనే ప్రశ్న

పేటల్లో చాలామంది పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో మరాఠీ చదువుతారు. పాట వారి చెవికి తెలుగు, కంటికి అలవాటైన లిపి దేవనాగరి. సినిమా లిరికల్ వీడియోల్లో తెలుగు పాట తరచు ఇంగ్లీషు అక్షరాల్లోనే కదులుతుంది. అందుకే లిపి ఎంపికను అలంకారమని వదిలేయకూడదు. తెలుగు అక్షరం నేర్చుకోని పిల్ల అట్టమీద, వీడియోలో దాన్ని పదే పదే చూస్తే గుర్తుపట్టగలుగుతుంది. అదే పదం తెలుగులోనూ దేవనాగరిలోనూ పక్కపక్కన పెట్టిన అట్ట ఆ పిల్లకు చిన్న వాచకం అవుతుంది. గుండ్రని తెలుగు అక్షరానికి, పైగీతతో నడిచే దేవనాగరికి ఒకే ఎత్తు, ఒకే బరువు కుదర్చడం రూపకర్తకు మంచి పరీక్ష.

పేర్లు, హక్కులు

భారత కాపీరైటు చట్టం 1957 నాటిది. 2012 సవరణతో సినిమాలో వాడిన పాటకు ఇతర మార్గాల్లో వచ్చే రాబడిలో గీత రచయితకు, స్వరకర్తకు వాటా కాపాడారు. ఆ వాటాను కంపెనీకి పూర్తిగా రాసివ్వడం కుదరకుండా చేశారు. తరగతిలో అభ్యాసానికి పాటను వాడడం ఒకటి, దాన్ని బయట ప్రచురించడం ఒకటి. రెండోదానికి అనుమతి కావాలి. అందువల్ల కోర్సు పనికి సొంత పాట, ఊరి గాయకుల పాట ఎంచుకోవడం మేలు.

జానపదం దగ్గర మరింత జాగ్రత్త అవసరం. బతుకమ్మ పాట ఎవరిదని అడిగితే అందరిదీ అంటారు. పాట అందరిదే కావచ్చు, కానీ ఆ రోజు పాడిన అవ్వ గొంతు ఆమెది. ‘సంప్రదాయం’ అన్న ఒక్క మాటతో ఆమెను తుడిచేయడం, తాను మీది మిల్లు చీటీ నేసినవాడిని తుడిచేసినట్టే. ఆమె ఒప్పుకుంటే పేరు వేయాలి, ఆమె చెప్పిన తీరులోనే వేయాలి.

అందుకే ఈ పాఠ్యాంశంలో ముందు అట్ట కంటే వెనక అట్టకు ఎక్కువ మార్కులు దక్కాలి. పాడినవారు, రాసినవారు, వాయించినవారు, కెమెరా పట్టినవారు, బొమ్మ గీసినవారు, చిత్రీకరణకు షెడ్డు ఇచ్చినవారు, అందులో కనిపించిన బట్ట నేసినవారు, వీరిలో ఒప్పుకున్నవారంతా అక్కడ ఉండాలి. సోలాపూర్ చద్దరు దేశమంతా తిరిగింది. దాన్ని నేసిన చేతుల పేర్లు మాత్రం పేట దాటలేదు. ఆ పేటలో పెరిగిన విద్యార్థి తన మొదటి అట్ట వెనక ఆ పేర్లు రాస్తే, బట్ట చీటీ వదిలేసిన ఖాళీ పాట అట్టమీద నిండుతుంది.